ఇల్లుమింగి

ఎర్రవాకిలి నగరం పెళ్లికానుకలు చుట్టి వచ్చిన కాగితాల వెనక పుట్టింది. నీహారిక నాలుగు కాగితాలు అతికించి, తెల్లవైపు పైకి పెట్టి, దాని మీద గల్లీలూ దర్వాజాలూ గీసింది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఇళ్ల కింద నుంచి వెండి నక్షత్రాలు మెరిసేవి. ఆ సంగతి కనిపెట్టిన రోజు ఆమె తన భర్త వేణుమాధవ్‌ను స్నానాల గదిలోంచి తల తుడుచుకోనివ్వకుండా లాక్కొచ్చి మరీ చూపించింది.

అది పాచికల ఆటే గానీ అందులో గెలుపోటములు ఉండవు. ఒకరు ఒక లోకాన్ని కడతారు. మిగతావాళ్లు దొంగగానో వైద్యురాలిగానో మంత్రగాడిగానో అందులోకి అడుగుపెట్టి తిరుగుతారు. తోస్తే తలుపు తెరుచుకుంటుందా అనేది పాచిక చెబుతుంది. తలుపు వెనక ఏముందో లోకం కట్టినవాళ్లు చెప్పాలి. వేణుమాధవ్ స్నేహితులు ఏళ్లుగా ఆడుతున్నారు. ఈసారి లోకం కట్టే పని కొత్త పెళ్లికూతురికి అప్పగించారు, సరదాకి. ఆమె మాత్రం దాన్ని సరదాగా తీసుకోలేదు.

ఊహించుకోవడానికి ఆమెకు పెద్ద కష్టం కాలేదు. సైదాబాద్ కాలనీలో, ఒకే కొలత గేట్లున్న ఇళ్ల మధ్య పెరిగిన పిల్లకి లాల్‌దర్వాజాలోని ఈ అత్తింటి గల్లీయే ఒక మాయానగరం. ఎదురింటి రాధాబాయి కాలి బొటనవేలికి అరటినార ముడేసి గుడికి మూరలకు మూరలు పూలదండ కడుతుంది. ఇటు పక్కింట్లో ఆగయ్య డప్పులకు తోలు బిగిస్తాడు. అరుగు మీద కూర్చుని గోరుచిక్కుడు తుంచితే చాలు, ఒక్కో ఇంటి కథ దానంతట అదే వచ్చి ఒళ్లో పడేది. అందుకే ఎర్రవాకిలికి ఆమె ఒక నియమం పెట్టింది. ప్రతి ఇంటికీ ఒక రహస్యం ఉంటుంది. పేర్లు మార్చింది, రహస్యాలు మార్చలేదు. నిజంగా ఉన్నవాటి కంటే బాగున్నవి ఆమెకు తట్టలేదు మరి.

ఆ నగరానికి భయం కూడా కావాలి కదా. అందుకని ఇల్లుమింగిని పుట్టించింది. దానికి రూపం లేదు. వాకిట్లో నిలబడి మర్యాదగా, మనిషి గొంతుతో, "ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు పిలుస్తుంది. లోపలి నుంచి "ఉన్నాం" అన్న మాట వస్తే వెళ్లిపోతుంది. రాకపోతే తెల్లారేసరికి ఆ ఇల్లు ఉన్నచోట గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. అక్కడొక ఇల్లుండేదని ఎవరికీ గుర్తుండదు.

"అబ్బ, మస్తు భయం పెట్టినవ్," అన్నాడు వేణుమాధవ్, అది చదివి. ఆ మాటకి ఆమె ఆ పూటంతా గాల్లో తేలింది.

ఆదివారం మధ్యాహ్నం మేడమీది గదిలో చాప పరిచి పటం మధ్యలో పెట్టారు. వేణుమాధవ్ ఆఫీసులో పనిచేసే ఆశ్రిత, నిఖిలేష్ ముందే వచ్చారు. నందకిశోర్ ఎప్పటిలాగే ఆలస్యంగా, చేతిలో బేకరీ దిల్‌పసంద్ డబ్బాతో వచ్చాడు. అతను వేణుమాధవ్‌కు పదో తరగతి నుంచి దోస్తు. ఫలక్‌నుమా వైపు ఒక బిల్డర్ దగ్గర ప్లాట్ల పని చూస్తాడు. నవ్వు మొహం, మెత్తటి మాట. ఆటలో అతనిది తాళాలు తీసేవాడి వేషం.

"వదినె, ఒక్క ఫొటో," అంటూ కూర్చోకముందే పటాన్ని ఫోన్‌లో తీసుకున్నాడు. ప్రతి ఆదివారం తీసుకుంటాడు. తన పటాన్ని అంత శ్రద్ధగా చూసే మనిషి దొరికినందుకు నీహారికకు లోలోపల గర్వంగా ఉండేది.

"నేను గంటలామె ఇంటికి పోత," అన్నాడు తన వంతు రాగానే.

"మల్లనా?" ఆశ్రిత నెత్తి కొట్టుకుంది. "అక్కడ దిగుడుబావిల ఇల్లుమింగి గుడ్లు పెడుతున్నది భాయ్! నువ్వేమో మూడు వారాల సంది ఒక ముసలామె ఇంటి సుట్టూ తిరుగుతున్నవ్."

"నా ఫికర్ నాది. వదినె, ఆమె ఇంటికి కాయితాల్లేవన్నవ్ కదా?"

"లేవు. ఆమె భర్త గుడిలో గంట కొట్టేవాడు. వెళ్లిపోతున్న జమీందారు నోటిమాటగా ఆ ఇల్లు ఇచ్చాడు. ఆమె అక్కడ ఉన్నంతకాలమే అది ఆమెది," అంది నీహారిక, కథ చెప్పే గొంతుతో. దిగుడుబావి గుడ్లూ, జమీందారూ ఆమె కల్పితం. మిగతాదంతా రాధాబాయిది.

"ఊరికి పోతే దీపం ఎవరు పెడ్తరు?"

"ఎవరూ పెట్టరు. అందుకే ఆమె ఎక్కడికీ వెళ్లదు."

"ఎన్నడన్న పోక తప్పదు కదా," అన్నాడు నందకిశోర్, పాచికను గుప్పిట్లో కదిలిస్తూ. "సరే, ఎనక దర్వాజా తోస్త."

"అది బయటికి తెరుచుకునే తలుపు. తోస్తే రాదు, లాగాలి. పాచిక వెయ్యి."

"బయటికి కాదు వదినె, లోపటికి. మూడు మెట్లు దిగాలె. నడిమి మెట్టు మీద పగిలిన ఇసుర్రాయి ఉంటది, సూసుకుంట పోవాలె." అతను పటం వైపు చూడనే లేదు. పాచిక దొర్లించి అది ఎక్కడ ఆగుతుందో చూస్తున్నాడు.

"లోకం ఆమెదా, నీదా?" అని నిఖిలేష్ నవ్వాడు. అందరూ నవ్వారు. నీహారిక కూడా నవ్వింది. అతను అంత వివరంగా ఊహించుకున్నాడని సంబరపడి, రబ్బరు తీసుకుని తలుపు గీత చెరిపి, లోపలికి తిప్పి గీసింది. మూడు మెట్లు వేసింది. తిరగలి రాయికి గుండ్రంగా చుట్టబోతుండగా పెన్సిల్ ఆగిపోయింది.

ఆ వెనక తలుపును ఆమె ఎప్పుడూ చూడలేదు. రాధాబాయి చెబితే విని గీసింది.

"ఆషాఢం పడుతున్నది కదా, వదినె సైదాబాద్ పోతదేమో," అన్నాడు నందకిశోర్, దిల్‌పసంద్ ముక్క తుంచుతూ. "ఎప్పుడు పోతున్నవ్ వదినె?"

"బుధవారం," అంది.

"మంచిగ రెస్టు తీసుకో."

సోమవారం పొద్దున వేణుమాధవ్ ఆఫీసుకు వెళ్లగానే నీహారిక చెప్పులేసుకుని గల్లీ చుట్టూ తిరిగి వెనకవైపుకు వెళ్లింది. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. కాలువ మీద పరిచిన బండలు కదులుతున్నాయి. ఎక్కడో బోనాలకు డప్పులు సాధన చేస్తున్నారు. ఆ దరువు గోడల మధ్య ఇరుక్కుని, ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియకుండా వినిపిస్తోంది.

మూడు మెట్లున్నాయి. నడిమి మెట్టు మీద తిరగలి రాయి సగం ముక్క ఉంది.

ఆమె వంగి చూసింది. ఏళ్లుగా తెరవని తలుపు, రంగు పెచ్చులు లేచిపోయిన పాత టేకు. కానీ బందుల దగ్గర చెక్క నల్లగా తడిసి ఉంది. వేలితో తాకింది. నూనె. కొత్త నూనె. గడప వరకూ సన్నటి ధారగా కారింది.

వేలును కొంగుకు తుడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఆ మరక సాయంత్రం దాకా కనిపిస్తూనే ఉంది.

"కిశోర్ గాడా?" అన్నాడు వేణుమాధవ్, షూ లేసులు విప్పుతూ. "పాగల్ అయినవా నీహా? వాడు నా పెండ్లిల బరాత్ ముంగట మూడు గంటలు ఎగిరిండు. ఆటకోసం చూసొచ్చిండేమో. కొందరు గట్లనే సీరియస్‌గ ఆడ్తరు."

"ఆటకోసం బందులకు నూనె కూడా పోస్తారా?"

అతను లేసులు వదిలేశాడు. లేచి, బీరువా మీద చుట్టి పెట్టిన పటాన్ని తీసి మంచం మీద పరిచాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఇల్లూ చదవడం మొదలుపెట్టాడు. వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ, చిన్నపిల్లాడిలా. మామూలుగా అయితే ఆ పెదవుల్ని చూసి ఆమెకు ముద్దొచ్చేది. డప్పులవాడి ఇల్లు: అతనికి చెవులు పూర్తిగా పోయాయి, తోలు మీద అరచెయ్యి పెట్టి అదురును బట్టి మోత తెలుసుకుంటాడు, కొడుకులకు తెలిస్తే ఇల్లు అమ్మి తీసుకుపోతారని చెప్పడు. అన్నదమ్ముల ఇల్లు: మధ్య గోడ ఎవరిదో తేలలేదు. వేణుమాధవ్ వేలు గల్లీ మూల మీది రెండంతస్తుల ఇంటి దగ్గరకొచ్చి ఆగింది.

"మనింటిది కూడ రాసినవా?"

"ప్రతి ఇంటికీ ఒకటి అని నియమం కదా," అంది నీరసంగా.

"మేడ తలుపు గొళ్లెం పడదని, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు లోపటి నుంచి ఇటుక ఆనిస్తదని..." చదువుతూ ఆపేశాడు. కిటికీలోంచి కింద వాకిట్లో అత్తగారు శారదాంబ ముగ్గుగిన్నె కడుక్కుంటున్న చప్పుడు వస్తోంది. అతను పటాన్ని చుట్టాడు. నక్షత్రాలు లోపలికి పోయాయి.

"వాడి ఫోన్ల ఎన్ని ఫొటోలున్నయ్?" అన్నాడు.

మంగళవారం ఆమె వెళ్లేసరికి రాధాబాయి బట్టలు సంచిలో సర్దుకుంటోంది. పక్కన తడిగుడ్డలో బంతిపూలు అలాగే ఉన్నాయి.

"మా అక్క జారి పడ్డదంట బిడ్డా, తాండూర్ల. నడుం ఇరిగింది. ఆమెకు నేను తప్ప ఎవరున్నరు? రేపు రైలుకు పోత."

నీహారిక కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. ఆట, పటం, పేర్లు మార్చడం, తలుపు, నూనె. చెబుతున్నకొద్దీ ఆటకు సంబంధించిన మాటలన్నీ ఆ గదిలో పిచ్చిగా వినిపించాయి. రాధాబాయి మడతపెట్టిన చీరను ఒళ్లో పెట్టుకుని పూర్తిగా విన్నది.

"కాయితాల్లేవన్న ముచ్చట ఈ గల్లీల ఎవరికి తెల్వదు బిడ్డా? కూరగాయలామెకు తెల్సు, పాలాయనకు తెల్సు. నేనే చెప్పిన." ఆమె గొంతులో కోపం లేదు. అదే నీహారికకు భరించడం కష్టమైంది. "కానీ ఎవ్వరు గీయలే. నువ్వు గీసినవ్."

"ప్రయాణం మానుకోండి పెద్దమ్మా."

"అక్కకు పక్షవాతం వచ్చినప్పుడు గూడ ఇల్లు ఇడిచి పోలే. ఈ మాటు పోకుంటే ఆమె ఉండదు." రాధాబాయి లేచి మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసింది. దానికి ఎర్ర దారం కట్టి ఉంది. "గీసినదానివి నువ్వు. నేనొచ్చేదాక నువ్వే ఉండు. దీపం పెట్టు. ఎవరన్న పిలిస్తే పలుకు."

ఇల్లుమింగి సంగతి ఎవరూ చెప్పకుండానే ఆ ఆఖరిమాట ఆమె నోట వచ్చింది. నీహారిక చేతిలోని తాళంచెవి చల్లగా తగిలింది.

ఆషాఢం వచ్చేసింది. కొత్త కోడలు అత్త మొహం చూడకూడదు, ఇద్దరూ ఒకే గడప దాటకూడదు. సైదాబాద్ నుంచి నాన్న ఆటో మాట్లాడతానన్నాడు. నీహారిక వద్దంది.

"అత్తగారింట్లో ఉండకూడదన్నారు గానీ పుట్టింట్లోనే ఉండాలని ఎక్కడుంది అత్తయ్యా? ఎదురింట్లో ఉంటాను."

"ఎదురింట్లనా!" శారదాంబ బుగ్గ నొక్కుకుంది. "పొద్దుగాల లేస్తే నీ మొఖమే కదనే నాకు!"

"మీరు చూడకండి."

"నా కండ్లు, నా ఇల్లు, నేనెందుకు మూసుకుంట?" అంటూనే ఆమె ట్రంకు తెరిచి పాత నేతచీర ఒకటి తీసి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తెరలా కట్టించింది. బుధవారం మధ్యాహ్నం ఆ తెర కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, గల్లీకి ఇవతల నిలబడ్డ కోడలికి పప్పుగిన్నె అందించింది. "ఉప్పు తక్కువైతే చెప్పు. నిన్ను జూస్తలేను."

సాయంత్రం వేణుమాధవ్ మేడ మీద నిలబడి ఫోన్ చేశాడు. "హలో, ఎదురింటి అమ్మాయీ, మీ పేరేంది?" నీహారిక పడీపడీ నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో తన నవ్వు ఆగిపోయిన చోటు తెలిసింది. బంతిపూల వాసన, పాత నూనె వాసన. వెనక గదిలో గొళ్లెం లేని తలుపుకు అడ్డంగా రాధాబాయి ఇనప ట్రంకు పెట్టి ఉంది. తలుపు బయటికి తెరుచుకునేదైతే ట్రంకు అక్కడెందుకు? ఇన్నాళ్లూ ఆ ప్రశ్న అడగకుండానే గీసింది. ఆమె ట్రంకు మీద రోలు ఎత్తి పెట్టింది. చేతులు నొప్పెట్టాయి.

గురువారం మధ్యాహ్నం గల్లీ తిని పడుకున్న వేళ. నీహారిక బొటనవేలికి నార కట్టుకుని దండ గుచ్చడం నేర్చుకుంటోంది. పువ్వు పెట్టి, నార మెలిపెట్టి, లాగి. పువ్వు పెట్టి, నార మెలిపెట్టి.

"అమ్మా, ఎవరన్న ఉన్నరా?"

వెనక నుంచి వచ్చింది. మర్యాదైన గొంతు.

ఆమె వేళ్లు అక్కడే ఆగిపోయాయి. వీధివైపు ఎవరూ లేరు. ఆగయ్య తన వాకిట్లో వీధికి వీపు పెట్టి డప్పు మీద వంగి ఉన్నాడు.

"ఎవరన్న ఉన్నరా?"

తలుపు కదిలింది. చప్పుడు చెయ్యలేదు, నూనె పోశారు కదా. చప్పుడు చేసింది ట్రంకు. రాతి మీద ఇనుము గీసుకుంటూ వేలెడు వెనక్కి జరిగింది. ఆ సందులోంచి ఎండ చీలిక గదిలోకి వచ్చి పడింది.

ఆ నియమం తనే రాసింది. ఏ పదంతో ఆగుతుందో తనకు తెలుసు. కానీ గొంతు రాలేదు. పెళ్లిపీటల మీద పేరు చెప్పమన్నప్పుడు కూడా ఇలాగే రాలేదు. అప్పుడు పక్కన వేణుమాధవ్ మోచేత్తో పొడిచాడు.

"ఎవరన్న..."

"ఉన్నాం."

మొదటిసారి తనకే వినిపించలేదు. లేచి నిలబడింది. నార బొటనవేలిని కోసుకుంది.

"ఉన్నాం!"

ట్రంకు ఆగింది. బయట గుసగుసగా ఏదో అన్నారు. తర్వాత సందులో నందకిశోర్ మొహం కనిపించింది, నిలువుగా, సగం.

"వదినె? నువ్వు సైదాబాద్ పోలే?"

"లేదు."

"రాధాబాయి లేదా? ఊకెనే, మంచిచెడ్డ అరుసుకుందమని వచ్చిన." అతని వెనక మెట్ల మీద ఇద్దరు మగవాళ్లున్నారు. ఒకడి చేతిలో కొత్త తాళం, ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది.

"వెనక నుంచా?"

అతను నవ్వాడు. ఆటలో పాచిక తప్పుగా పడ్డప్పుడు నవ్వే నవ్వే. "ఎన్ని దినాలుంటవ్ వదినె?"

"ఆషాఢమంతా."

"ఎనక శ్రావణం వస్తది కదా." అతని మొహం సందులోంచి వెనక్కి జరిగింది. "నీ పటం మస్తుంటది వదినె. ఈ ఒక్క దర్వాజా తప్ప ఒక్క తప్పు లేదు."

అడుగులు బండల మీద దూరమయ్యాయి. నీహారిక తన బరువంతా వేసి ట్రంకును నెట్టింది. తలుపు మూసుకుంది. ట్రంకు మీదే, రోలు పక్కన కూర్చుండిపోయింది. బొటనవేలిని కోసిన నార విప్పుకుంది. భయం కింద చిన్న సంతోషం కూడా ఉంది, సిగ్గులేని సంతోషం. పనిచేసింది. పలికితే పోయింది. వేణుమాధవ్‌కు చెప్పాలి, రాధాబాయికి చెప్పాలి, ఇల్లు ఉంది పెద్దమ్మా అని.

అప్పుడు వీధివైపు నుంచి వినిపించింది.

"ఆగయ్యా! ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

ఆమె వాకిట్లోకి పరిగెత్తింది. ఇందాకటి ఇద్దరిలో ఒకడు ఆగయ్య ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. ఆగయ్య నాలుగడుగుల దూరంలో, వీపు ఇటు పెట్టి, తోలు అంచు మీద మేకు కొడుతున్నాడు. మూల మీది దుకాణం రేకు నీడలో నందకిశోర్ తల వంచుకుని ఫోన్ చూస్తున్నాడు. తెర మీద రెండు వేళ్లు పెట్టి దూరంగా జరిపాడు, బొమ్మ పెద్దదయ్యేలా.

"ఎవరన్న ఉన్నరా?" అన్నాడు ఆ మనిషి రెండోసారి, గడప మీద కాలు పెడుతూ.

"ఉన్నాం!" అని అరిచింది నీహారిక, రాధాబాయి గడపలోంచి, గొంతు చిరిగేలా.

ఆ అరుపుకి గల్లీ ఉలిక్కిపడి లేచింది. ఎవరిదో కిటికీ తెరుచుకుంది. నేతచీర తెర వెనక నుంచి శారదాంబ, ఏమైందో తెలియకపోయినా, కోడలి గొంతుకు గొంతు కలిపింది. "ఉన్నం! ఎవర్రా అది?"

తోలు మీద అరచెయ్యి ఆనించి ఉన్న ఆగయ్య, చేతి కింద ఏదో అదిరినట్టు తలెత్తి వాకిలి వైపు తిరిగాడు. గడప మీది మనిషి కాలు వెనక్కి తీసుకున్నాడు.

నందకిశోర్ మాత్రం తలెత్తలేదు. ఫోన్ మీద వేలు ఆనించి, పటాన్ని కొంచెం పక్కకు లాగి, తర్వాతి ఇంటికి జరిగాడు.